ఇంటి పక్క చెట్టు: ముప్పును అంచనా వేసే విధానం

తుపాను హెచ్చరిక వెలువడిన రోజునో, పక్క వీధిలో కొమ్మ విరిగిపడిన మరునాడో విస్తరణ శాస్త్రవేత్తల ముందుకు వచ్చే ప్రశ్న ఒకటుంది. ఇంటిని ఆనుకుని పెద్ద చెట్టు ఉంది; ఉంచాలా, కొట్టించాలా? తెగులును గుర్తించి మందు సూచించడంలో శిక్షణ పొందినవారికి ఈ ప్రశ్న సులువైనది కాదు. చెట్టు ఆరోగ్యంగా ఉందా అన్నది ఒక విషయం, అది పడుతుందా అన్నది మరొకటి, పడితే ఎవరికి ఏమవుతుందన్నది ఇంకొకటి. మూడింటికీ ఒకే సమాధానం ఉంటుందనుకోవడం వల్ల రెండు రకాల తప్పులు జరుగుతున్నాయి. పడబోయే చెట్టు పచ్చగా ఉన్నందున ఎవరి దృష్టికీ రాదు. ఇంకా చాలా ఏళ్ళు నిలవగల చెట్టు తొర్ర ఉన్నదన్న ఒక్క కారణంతో గొడ్డలికి బలవుతుంది. మొదటి తప్పుకు మూల్యం ప్రాణం కావచ్చు. రెండవదాని వల్ల ఒక తరం పెంచిన నీడ ఒక్క పూటలో పోతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు నగరంలోని చెట్లు భారీ సంఖ్యలో కూలాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలమట్టం చేసింది. అంతటి గాలికి దృఢమైన చెట్టు కూడా పడవచ్చు. అందులో చెట్టు లోపాన్ని వెతికి ప్రయోజనం లేదు. అయితే మామూలు ఈదురుగాలికి పడే చెట్లు ఉన్నాయి, ఆకు కదలని మధ్యాహ్నం విరిగే కొమ్మలూ ఉన్నాయి. వీటిలో చాలావాటికి ముందే కనిపించే గుర్తులు ఉంటాయి. ఆ గుర్తులను చదవడం వృత్తిగా చేసుకున్నవారే ఆర్బరిస్టులు, అంటే వృక్ష సంరక్షణ నిపుణులు. తెలుగు రాష్ట్రాలలో ఈ వృత్తి ఇంకా వేళ్ళూనలేదు. అందువల్ల ఆ పని ఉద్యాన అధికారుల మీద, అటవీ సిబ్బంది మీద, వ్యవసాయ శాస్త్రవేత్తల మీద పడుతున్నది. ఆర్బరిస్టులు ఒక చెట్టు దగ్గర నిలబడి ఏమి చూస్తారో, చూసినదాన్ని ఏ విధంగా నిర్ణయంగా మారుస్తారో ఇక్కడ వివరించడమైనది.

ముప్పు చెట్టులో మాత్రమే ఉండదు

ఊరికి దూరంగా, చుట్టూ బీడు ఉన్నచోట పూర్తిగా కుళ్ళిన చెట్టు నిలబడి ఉందనుకోవాలి. అది రేపే పడవచ్చు. అయినా దాని వల్ల ముప్పు దాదాపు లేనట్టే, ఎందుకంటే అది పడేచోట ఎవరూ ఉండరు. కాబట్టి ముప్పు అంచనాలో మూడు అంశాలను వేరువేరుగా తూచాలి. చెట్టు గానీ, దానిలో ఒక భాగం గానీ విఫలమయ్యే అవకాశం ఎంత. అది ఒక మనిషిని గానీ, ఇంటిని గానీ, వాహనాన్ని గానీ తాకే అవకాశం ఎంత. తాకితే జరిగే నష్టం ఎంత. తాకబడే మనిషిని లేదా వస్తువును ఈ శాస్త్రంలో లక్ష్యం అంటారు. లక్ష్యం లేనిచోట ముప్పు లేదు.

ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆర్బరికల్చర్ అనుసరించే పద్ధతిలో ఈ మూడింటికీ అంకెలకు బదులు మాటలే వాడతారు. వైఫల్య అవకాశం అసంభావ్యం, సాధ్యం, సంభావ్యం, ఆసన్నం అని నాలుగు స్థాయిలు. లక్ష్యాన్ని తాకే అవకాశం అత్యల్పం నుంచి అధికం వరకు నాలుగు. పరిణామం నామమాత్రం, స్వల్పం, గణనీయం, తీవ్రం అని నాలుగు. మొదటి రెండింటినీ ఒక పట్టికలో కలిపితే ప్రమాద సంభావ్యత వస్తుంది. దానిని పరిణామంతో మరొక పట్టికలో కలిపితే తక్కువ, మధ్యస్థం, ఎక్కువ, అత్యధికం అనే నాలుగింటిలో ఒక ముప్పు స్థాయి తేలుతుంది. దీనికి ఒక కాలపరిమితి తప్పనిసరి. ‘ఈ చెట్టు పడుతుంది’ అనడంలో అర్థం లేదు, ఏ చెట్టయినా ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది. ‘వచ్చే ఏడాదిలోగా, ఈ ప్రాంతంలో సాధారణంగా వీచే గాలులకు పడే అవకాశం ఉంది’ అన్నప్పుడే అది అంచనా అవుతుంది.

భయాన్ని కొలతలో పెట్టుకోవడానికి ఒక అంకె ఉపకరిస్తుంది. బ్రిటన్‌లో చెట్టు లేదా కొమ్మ పడి మరణించే అవకాశం ఒక వ్యక్తికి ఏడాదికి సుమారు కోటిలో ఒకటి అని లెక్కకట్టారు. తుపానులు తాకే కోస్తాకు ఈ అంకెను యథాతథంగా అన్వయించకూడదు. అయినా, చెట్టు ఉన్నంత మాత్రాన ప్రమాదం ఉన్నట్టే అన్న భావన ఎంత దూరం నిజమో అది సూచిస్తుంది.

దూరం నుంచి దగ్గరకు

పరిశీలనకు మూడు స్థాయిలు ఉన్నాయి. వీధి వెంట నడుస్తూనో, వాహనంలోనో వెళుతూ స్పష్టమైన లోపాలున్న చెట్లను గుర్తించడం మొదటిది. చెట్టు చుట్టూ తిరిగి మొదలు నుంచి చివరి వరకు చూడటం రెండవది. ఇంటి పక్క చెట్లకు సాధారణంగా ఇదే సరిపోతుంది. పరికరాలతో చేసే ప్రత్యేక పరీక్ష మూడవది. అనుభవం లేనివారు నేరుగా మూడవదాని కోసం తొందరపడతారు. రెండవ స్థాయిలో ఏమి వెతకాలో తేలకుండా పరికరం తెస్తే అది ఎక్కడ పెట్టాలో కూడా తెలియదు.

ఈ రెండవ స్థాయికి శాస్త్రీయ పునాది వేసినవారిలో జర్మనీలోని కార్ల్స్‌రూహె పరిశోధన కేంద్రానికి చెందిన క్లాస్ మాథెక్ ముఖ్యుడు. చెట్టు తన ఉపరితలం మీద ఒత్తిడి అన్నిచోట్లా సమానంగా ఉండేటట్లు చెక్కను పెంచుకుంటుందని ఆయన ప్రతిపాదన. లోపల బలహీనత ఉన్నచోట ఒత్తిడి పెరుగుతుంది. అక్కడ చెట్టు అదనంగా చెక్క వేస్తుంది. కాబట్టి కాండం మీద అసహజమైన ఉబ్బు, నిలువుగా లేచిన అంచు, సీసాలాగా మొదట్లో లావెక్కడం వంటివి లోపలి సమస్యకు బయటి లిపి. ఉబ్బు కనిపించగానే చెట్టు బలహీనమని తీర్పు చెప్పడం తొందరపాటు. సమస్య ఉందని, దానికి చెట్టు స్పందిస్తున్నదని ఆ ఉబ్బు తెలుపుతుంది. లోపం స్పష్టంగా ఉన్నా చుట్టూ కొత్త చెక్క ఏర్పడకపోవడమే ఎక్కువ ఆందోళన కలిగించే లక్షణం.

పరిశీలకుడు ముందు చెట్టు ఎత్తుకు సమానమైన దూరంలో నిలబడి మొత్తం ఆకారాన్ని చూస్తాడు. గుబురు ఒకవైపుకే పెరిగిందా, ఏ కొమ్మలు ఎండాయి, చెట్టు వంగి ఉందా అన్నవి ఇక్కడ తెలుస్తాయి. వంపును చదవడంలో ఒక మెలకువ ఉంది. చిన్ననాటి నుంచి వెలుతురు కోసం వంగిన చెట్టు పైభాగం మళ్ళీ నిటారుగా తిరిగి ఉంటుంది. అది వంపుకు అలవాటుపడిన చెట్టు. మొత్తం కాండం గీత గీసినట్టు తిన్నగా ఒరిగి, వంపుకు ఎదురువైపు మట్టి పగిలి లేదా పైకి లేచి ఉంటే అది ఇటీవలి ఒరుగు. వానకు నేల నానిన రోజులలో ఇటువంటి పగుళ్ళు కనిపిస్తే దానిని ఆసన్న వైఫల్యంగానే పరిగణించి, మిగిలిన పరీక్షలు వాయిదా వేసి, ముందు మనుషులను అక్కడి నుంచి తప్పించాలి.

కనిపించని సగం

తల్లివేరు లోతుగా దిగి చెట్టును మేకులాగా పట్టి ఉంచుతుందన్న అభిప్రాయం విద్యార్థులలో కూడా ఉంది. పెద్ద చెట్లలో ఎక్కువ భాగం వేళ్ళు పైన 60 నుంచి 90 సెంటీమీటర్ల మట్టిలోనే, గుబురు అంచును దాటి దూరంగా పరచుకుని ఉంటాయి. చెట్టును నిలబెట్టేది కాండం చుట్టూ పళ్ళెంలాగా ఉండే ఈ పక్కవేళ్ళ సముదాయం, దానిమీది మట్టి బరువు. గాలి వచ్చేవైపు వేళ్ళు తాడులాగా బిగుసుకుని లాగుతాయి. గాలి పోయేవైపు వేళ్ళు ఆనికగా పనిచేస్తాయి. గాలివైపు వేళ్ళు తెగిన చెట్టుకు పట్టు పోయినట్టే.

పట్టణాలలో చెట్లు పడటానికి మూలం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. మురుగు కాలువ కోసం, తాగునీటి గొట్టం కోసం, కేబుల్ కోసం, ప్రహరీ పునాది కోసం తవ్విన ప్రతిసారీ వేళ్ళు తెగుతాయి. తవ్వకం పూడ్చి సిమెంటు వేసిన తరువాత ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. బ్రిటిష్ ప్రమాణాలలో కాండం వ్యాసానికి 12 రెట్ల వ్యాసార్ధం గల వలయాన్ని వేరు రక్షణ ప్రాంతంగా పరిగణిస్తారు. అంత స్థలం మన వీధులలో దొరకదు. కనీసం వ్యాసానికి 3 రెట్ల దూరంలోపల పడిన తవ్వకాన్ని మాత్రం చెట్టు స్థిరత్వానికే దెబ్బగా చూడాలి. అందుకే పరిశీలకుడు చెట్టును ఎంత శ్రద్ధగా చూస్తాడో ఇంటివారిని అంత శ్రద్ధగా అడుగుతాడు: గత అయిదేళ్ళలో ఇక్కడ ఏమి తవ్వారు, ఏవైపు, ఎంత దూరంలో?

వేళ్ళకు సంబంధించి మరి రెండు స్థానిక కారణాలు గమనించదగినవి. మొదటిది, రావి, వేప చెట్ల మొదళ్ళ చుట్టూ అరుగు కట్టి మట్టి నింపడం. వేరు మెడ, అంటే కాండం వేళ్ళుగా విచ్చుకునే భాగం, గాలి తగలవలసినది. అది మట్టిలో కప్పబడితే బెరడు చివికి, కుళ్ళు మొదలవుతుంది. పైగా అరుగు వల్ల ఆ కుళ్ళు కంటికి కనిపించదు. కాండం స్తంభంలాగా తిన్నగా నేలలోకి దిగుతూ, మొదట్లో విచ్చుకోకుండా కనిపిస్తే మెడ పూడిందని అర్థం. రెండవది నర్సరీ నుంచి వచ్చే లోపం. పాలిథీన్ సంచిలో ఎక్కువకాలం ఉంచిన మొక్క వేళ్ళు గుండ్రంగా చుట్టుకుంటాయి. వాటిని విడదీయకుండా నాటితే పది, పదిహేనేళ్ళకు చెట్టు ఎత్తుగా పెరిగినా వేళ్ళు చుట్టలాగానే ఉండి, కొన్నిసార్లు కాండాన్నే బిగిస్తాయి. సామూహికంగా మొక్కలు నాటే కార్యక్రమాలలో బతికిన మొక్కల శాతం లెక్కిస్తారు గానీ ఈ విషయాన్ని ఎవరూ చూడరు.

తొర్ర ఉన్న చెట్టు

ఇంటివారిని ఎక్కువగా భయపెట్టేది తొర్ర. ఇంజనీరు దృష్టితో చూస్తే బోలు గొట్టం బలహీనమైనది కాదు. గుండ్రని కాండంలో మధ్య భాగం వంపును తట్టుకోవడంలో చాలా తక్కువ పాత్ర వహిస్తుంది. బోలు వ్యాసం కాండం వ్యాసంలో సగం ఉంటే, వంపును తట్టుకునే శక్తిలో తగ్గుదల సుమారు 6 శాతం మాత్రమే. 70 శాతం ఉంటే 24 శాతం. ఈ నిష్పత్తి నాలుగవ ఘాతంలో పెరగడమే దీనికి కారణం. ఆ తరువాత తగ్గుదల వేగంగా ఉంటుంది, గొట్టం గోడ నలిగిపోయే ప్రమాదమూ మొదలవుతుంది. మిగిలిన మంచి చెక్క మందం కాండం వ్యాసార్ధంలో మూడవ వంతు కన్న ఎక్కువ ఉంటే సాధారణంగా ఆందోళన అక్కరలేదన్న నియమం ఈ లెక్క నుంచి, విరిగిన చెట్ల పరిశీలన నుంచి వచ్చింది. అయితే ఇది స్థూలమైన గీటురాయి. తొర్రకు పెద్ద నోరు తెరుచుకుని ఉంటే గొట్టం గొట్టంగా పనిచేయదు. గుబురు చిన్నదైన ముసలి చెట్టు ఇంతకన్న సన్నని గోడతో కూడా నిలబడగలదు.

తొర్ర ఏర్పడటం వెనుక జీవశాస్త్రాన్ని అమెరికా అటవీ సేవలో పనిచేసిన అలెక్స్ షైగో వివరించాడు. జంతువుల గాయం మాని కొత్త కణజాలంతో భర్తీ అవుతుంది. చెట్టుకు ఆ సౌకర్యం లేదు. అది గాయం చుట్టూ అడ్డుగోడలు కట్టి కుళ్ళును లోపలే బంధిస్తుంది, ఆ తరువాత వేసే చెక్కను శుభ్రంగా ఉంచుకుంటుంది. ఈ సిద్ధాంతం వచ్చిన తరువాత ఒక పాత అలవాటు తప్పని తేలింది. తొర్రను గీకి శుభ్రంచేసి సిమెంటు నింపితే చెట్టు కట్టుకున్న గోడ పగిలి కుళ్ళు బయటకు పాకుతుంది. గాలికి ఊగే చెక్కకు, ఊగని సిమెంటుకు మధ్య రాపిడి మొదలవుతుంది. బలం మాత్రం పెరగదు.

కాండాన్ని కొయ్య సుత్తితో తట్టి, శబ్దం డొల్లగా ఉన్నచోట సన్నని ఇనుప చువ్వతో లోతు చూడటం ఇప్పటికీ మంచి పద్ధతే. అంతకు మించి కావాలంటే సన్నని సూదిని చెక్కలోకి దింపుతూ అది ఎదుర్కొనే నిరోధాన్ని గీతగా నమోదు చేసే రెసిస్టోగ్రాఫ్, కాండం చుట్టూ గ్రాహకాలు అమర్చి ధ్వని వేగంతో లోపలి చిత్రం గీసే టోమోగ్రాఫ్ ఉన్నాయి. వేళ్ళ పట్టును పరీక్షించడానికి చెట్టును కేబుల్‌తో కొద్దిగా లాగి, మొదలు ఎంత కోణం కదిలిందో డిగ్రీలో భిన్నాలలో కొలుస్తారు.

కుళ్ళుకు బయటి సాక్ష్యం శిలీంధ్రం. కొబ్బరి రైతులకు పరిచితమైన గానోడెర్మా, వీధి చెట్ల మొదళ్ళ వద్ద కూడా గోధుమ, ఎరుపు రంగుల గట్టి గొడుగులుగా వస్తుంది. మొదట్లో, వేరు మెడ దగ్గర అది కనిపిస్తే గుబురు ఎంత పచ్చగా ఉన్నా చెట్టును తీవ్రంగా అనుమానించాలి. నీటిని మోసే బయటి పొరలు సజీవంగా ఉన్నంతకాలం ఆకులు వాడవు. లోపల ఆనిక వేళ్ళు కుళ్ళి ఉండవచ్చు. చెదపురుగులు ఎక్కువగా చనిపోయిన చెక్కను తింటాయి గనుక వాటి మట్టి దారులు చనిపోయిన భాగం ఎక్కడుందో చూపిస్తాయి.

పంగలు, కొమ్మలు, నరికిన తలలు

సమాన లావుగల రెండు కాండాలు ఇరుకైన పంగ నుంచి లేచినచోట, వాటి మధ్య బెరడు లోపలికి ముడుచుకుపోతుంది. బయటకు కలిసినట్టు కనిపించినా లోపల చెక్కకు చెక్క అతుకు ఉండదు. పంగ కింద రెండు వైపులా చెవుల్లాంటి ఉబ్బులు, మధ్యలో నిలువు పగులు కనిపిస్తే అది చీలే దశలో ఉంది. ఎర్ర తురాయి, పెల్టోఫోరం, నిద్రగన్నేరు వంటి వేగంగా విస్తరించే చెట్లలో ఈ లోపాన్ని ప్రత్యేకంగా వెతకాలి.

నిద్రగన్నేరు వంటి విశాలమైన చెట్లలో పొడవైన అడ్డకొమ్మలు వేడి మధ్యాహ్నం, గాలి లేకుండానే విరిగిపడటం ఉంది. దీని కారణం మీద ఏకాభిప్రాయం లేదు. మన ఊళ్ళలో వేసవి మధ్యాహ్నాలే చెట్టు కింద మంచం వేసుకునే వేళ, ఇస్త్రీ బండి నిలిపే వేళ. అంటే కొమ్మ విరిగే సమయం, లక్ష్యం ఉండే సమయం ఒకటే అవుతున్నాయి. 

విద్యుత్ తీగల కింద ఏటేటా తల నరికిన చెట్ల సంగతి వేరు. నరికినచోట గుత్తులుగా లేచే కొత్త కొమ్మలు పైపొరకు మాత్రమే అతికి ఉంటాయి. నరికిన మోడు లోపల కుళ్ళుతుంటుంది, పైన కొమ్మలు బరువెక్కుతుంటాయి. మూడు నాలుగేళ్ళు వదిలేస్తే అవి తీగలమీదే విరిగిపడతాయి. ఒకవైపు మాత్రమే నరికితే చెట్టు బరువంతా రెండవవైపు, సాధారణంగా ఇంటివైపు, చేరుతుంది.

కొబ్బరి, తాటి చెట్లను ఈ కొలమానాలతో కొలవకూడదు. అవి ఏకదళ బీజాలు. వాటికి ఏటా కొత్త చెక్క వేసే పొర లేదు. ఎక్కడానికి కొట్టిన గాట్లు జీవితకాలం అలాగే ఉంటాయి. కొబ్బరి విషయంలో మొదట్లో ఎర్రటి గోధుమరంగు ద్రవం కారడం, ఎర్రముక్కు పురుగు చేసిన రంధ్రాలు, మొవ్వు వాలడం ముఖ్య సంకేతాలు. ఆరోగ్యమైన కొబ్బరి చెట్టులో కూడా రోజువారీ ముప్పు కాయలది, ఎండుమట్టలది. దానిని కొట్టేసి కాదు, సమయానికి కాయ దింపి తొలగించాలి.

తెగులు వేరు, ముప్పు వేరు

2021లో తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో వేప చెట్లు పెద్దఎత్తున ఎండినట్టు కనిపించినప్పుడు ఈ తేడా అందరికీ అవసరమైంది. ఫోమాప్సిస్ అజాడిరాక్టే శిలీంధ్రం వల్ల వచ్చే ఈ తెగులులో కొమ్మల చివర్లు, లేత రెమ్మలు మాడిపోతాయి. చెట్టు చచ్చిపోయిందని భావించినచోట తరువాత చాలా చెట్లు మళ్ళీ చిగిర్చాయి. ముప్పు దృష్టితో చూస్తే సన్నని ఎండు రెమ్మలు పడి కలిగే నష్టం స్వల్పం. కాండం, పంగలు, వేళ్ళు యథాతథంగా ఉన్నాయి. తెగులు తీవ్రంగా ఉంది, ముప్పు తక్కువగా ఉంది. గానోడెర్మా పట్టిన పచ్చని చెట్టు సరిగ్గా దీనికి తలకిందులు.

ఇంటి కప్పు, ఇంటి మనుషులు

గాలి వేగం మూడింతలైతే చెట్టు మీద గాలి ఒత్తిడి సుమారు తొమ్మిదింతలవుతుంది; కొమ్మలు, ఆకులు గాలికి వాలి కొంత తగ్గిస్తాయి గానీ పెరుగుదల అదే తీరులో ఉంటుంది. ఆ చెట్టు పడేది దేనిమీద అన్నదే పరిణామాన్ని నిర్ణయిస్తుంది. ఒకే కొమ్మ కాంక్రీటు శ్లాబు మీద పడితే పిట్టగోడ పగులుతుంది. రేకుల కప్పు మీద పడితే కింద పడుకున్న మనిషి మీద పడినట్టే. పెంకుటిల్లు, పూరిల్లు అంతే. కాబట్టి మన పరిస్థితులలో లక్ష్యాన్ని నమోదు చేసేటప్పుడు ‘ఇల్లు’ అని రాసి ఊరుకోకూడదు. కప్పు ఏమిటో, చెట్టువైపు ఏ గది ఉందో, అందులో రాత్రి ఎవరు పడుకుంటారో రాయాలి. తుపాను రాత్రి వీధులు నిర్మానుష్యంగా ఉంటాయి, మనుషులంతా ఇళ్ళలోనే ఉంటారు. వీధివైపు ముప్పు తగ్గి, ఇంటివైపు ముప్పు గరిష్ఠమయ్యే సమయం అదే.

ఒక సాధారణ దృశ్యాన్ని ఊహించి ఈ పద్ధతిని అన్వయించవచ్చు. కోస్తా పట్టణంలో ఒక ఇల్లు. పెరట్లో 1.2 మీటర్ల వ్యాసం గల ముసలి చింత, మనిషి చేయి దూరేంత తొర్ర. దాని వెనుక ఖాళీ స్థలం. ఇంటి ముందు, తూర్పున, పచ్చని నిద్రగన్నేరు. ఛాతీ ఎత్తులో చుట్టుకొలత 2.5 మీటర్లు, అంటే వ్యాసం 80 సెంటీమీటర్లు, ఎత్తు 14 మీటర్లు. దానికి పడమర 5 మీటర్ల దూరంలో రేకుల గది, అందులో వృద్ధులు పడుకుంటారు. ఇంటివారు కొట్టించాలనుకుంటున్నది చింతను.

చువ్వతో చూస్తే చింతలో మంచి చెక్క మందం చుట్టూ 22 సెంటీమీటర్లు. వ్యాసార్ధం 60, మూడవ వంతు కన్న ఎక్కువే. బోలు వల్ల బలంలో తగ్గుదల 16 శాతం వరకు ఉంటుంది. తొర్ర నోరు చిన్నది, అంచుల వెంట కొత్త చెక్క మందంగా చుట్టుకుంది. వైఫల్యం సాధ్యం, పడేవైపు మనుషులు అరుదు గనుక తాకే అవకాశం అల్పం. ముప్పు తక్కువ.

నిద్రగన్నేరుకు రోడ్డువైపు 1.5 మీటర్ల దూరంలో గత ఏడాది మురుగు కాలువ తవ్వారు. వ్యాసానికి 3 రెట్లంటే 2.4 మీటర్లు, తవ్వకం దానికి లోపలే ఉంది. తెగినవి తూర్పువైపు వేళ్ళు, అంటే సముద్రపు గాలికి చెట్టును ఇంటిమీదకు పోకుండా పట్టి ఉంచవలసినవి. వైఫల్యం సంభావ్యం, తాకే అవకాశం అధికం, పరిణామం తీవ్రం. పట్టికలో ముప్పు ఎక్కువ స్థాయికి వస్తుంది. అదే చెట్టుకు గేటు మీదుగా ఉన్న ఎండు కొమ్మను వేరే అంశంగా లెక్కిస్తే మధ్యస్థం. ఒకే చెట్టులో ఒక్కొక్క భాగానికి వేరువేరు అంచనాలు రావడం ఈ పద్ధతిలో సహజం. వాటన్నిటిలో ఎక్కువైనదే చెట్టు స్థాయి.

ఏమి చేయాలి

నిర్ణయంలో మొదటి ప్రశ్న చెట్టును ఏమి చేయాలన్నది కాదు. లక్ష్యాన్ని జరపవచ్చా అన్నది. పై ఉదాహరణలో వృద్ధుల మంచాలు ఆ రాత్రే శ్లాబు గదిలోకి మార్చడానికి ఖర్చు లేదు, అనుమతి అక్కరలేదు. మహబూబ్‌నగర్ సమీపంలోని పిల్లలమర్రి వద్ద జరిగినది ఇదే క్రమం. 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరగడంతో సందర్శకులను ఆపారు. తరువాత బరువైన కొమ్మలకు కాంక్రీటు ఆధారాలు నిర్మించారు. చెదపురుగులకు క్లోరిపైరిఫాస్ మందును 2018లో సెలైన్ సీసాల ద్వారా బొట్లుబొట్లుగా ఎక్కించిన దృశ్యం దేశమంతటా ప్రచారం పొందింది. మందు పురుగును చంపుతుంది, పోయిన చెక్కను తిరిగి ఇవ్వదు; మనుషులను ముప్పు నుంచి తప్పించింది మాత్రం మూసిన గేటు, కింద పెట్టిన ఆధారాలు.

తరువాతి మెట్టు కత్తిరింపు. గుబురును ఎత్తులో, వెడల్పులో కొద్దిగా తగ్గించినా గాలి బలం, అది పనిచేసే ఎత్తు రెండూ తగ్గుతాయి గనుక మొదటిమీద పడే భారం చెప్పుకోదగినంత తగ్గుతుంది. కొమ్మను పక్క కొమ్మ వరకు తగ్గించాలి, మోడుగా వదలకూడదు. తీసివేసేటప్పుడు కొమ్మ మొదట్లో ఉబ్బుగా ఉండే మెడను కాపాడుతూ, దాని బయట కోయాలి. చెట్టు అడ్డుగోడ కట్టుకునేది అక్కడే. బరువైన కొమ్మకు ముందు కింద గాటు, తరువాత కొంచెం ఎగువన పైనుంచి కోత, చివరిగా మోడును తీసే కోత అని మూడు దశలు పాటిస్తే బెరడు చీలదు. గాయానికి తారు పూయడం వల్ల ఒరిగేది లేదు.

వేళ్ళు తెగిన నిద్రగన్నేరు వంటి చెట్టుకు కత్తిరింపు తాత్కాలిక ఉపశమనమే. లాగుడు పరీక్షకు వీలులేనిచోట, రేకుల గదిని శాశ్వతంగా ఖాళీ చేయలేనిచోట, అక్టోబరు, నవంబరు తుపానులకు ముందే దానిని తొలగించి, కాలువకు దూరంగా మరొక మొక్క నాటమనడమే సరైన సలహా. చింతను ఉంచాలి. ఇంటివారి అంచనాకు ఇది పూర్తిగా వ్యతిరేకం, వారు అంత సులభంగా ఒప్పుకోరు కూడా. కాలువ అంచు దగ్గర కొద్దిగా మట్టి తీసి తెగిన వేరు మొనలను చూపిస్తే మాటలకన్న ఎక్కువ పనిచేస్తుంది.

తొలగింపు అవసరమైనచోట ఆంధ్రప్రదేశ్ జల, భూమి, చెట్ల చట్టం, 2002 ప్రకారం అనుమతి తీసుకోవలసి ఉంటుంది. తెలంగాణలో కూడా ఇదే చట్టం వర్తిస్తున్నది. ఆ దరఖాస్తుకు జతచేసే శాస్త్రవేత్త నివేదికలో ‘చెట్టు ప్రమాదకరంగా ఉన్నది’ అన్న ఒక్క వాక్యం చాలదు. ఏ భాగం, ఏ లోపం, ఏ లక్ష్యం, ఎంత కాలానికి, ఏ స్థాయి ముప్పు. కత్తిరింపు వల్ల ఆ స్థాయి ఎంతకు తగ్గుతుంది, తగ్గకపోతే ఎందుకు. ఇవన్నీ తేదీతో సహా ఉండాలి. ఉంచాలని నిర్ణయించిన చెట్టుకు కూడా అటువంటి నివేదికే రాయాలి. అందులో మళ్ళీ చూడవలసిన తేదీ ఉండాలి: సాధారణంగా ఏడాదికొకసారి వర్షాకాలానికి ముందు, తుపాను వెళ్ళిన వెంటనే, చెట్టు దగ్గర ఎవరైనా తవ్వకం మొదలుపెట్టిన రోజున.